నూనెలో కరిగే ‘సి’, కరగని ‘సి’

విటమిన్ సి నూనెల మీద ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అత్తయ్య ఉసిరికాయలు తురిమి నువ్వుల నూనెలో కాచి సీసాకి పోస్తారు. ఉసిరిలో సి విటమిన్ బోలెడంత అంటారు కదా! రాత్రిపూట అదే మొహానికి రాసుకుంటే సీరమ్ కొనే పని తప్పుతుందా? అందులో నాలుగు చుక్కల నిమ్మరసం కలిపితే ఇంకా మంచిదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అత్తయ్యగారి నూనె తలకు బేషుగ్గా ఉంటుంది. సి విటమిన్ మాత్రం అందులో లేదు. విటమిన్ సి అసలు పేరు ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్. అది నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. నూనెలో చెంచా ఉప్పు వేసి ఎంతసేపు తిప్పినా ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. తురుము నూనెలో పడ్డాక సి అంతా తురుములోని నీటినే అంటిపెట్టుకుని ఉంటుంది. కాగేకొద్దీ ఆ నీరు ఆవిరైపోతుంది, సి వేడికీ గాలికీ చాలావరకు చెడుతుంది. మిగిలిన కాస్తా వడకట్టే గుడ్డలో పిప్పితోపాటు ఆగిపోతుంది. ఒక జాగ్రత్త చెప్పండి ఆవిడకి: చిటపటలు పూర్తిగా ఆగాకే దించాలి. తేమ మిగిలితే అడుగున మడ్డి చేరి బూజు పడుతుంది.

నిమ్మరసం జోలికి అసలు వెళ్లకండి. నూరు గ్రాముల నిమ్మరసంలో సి 40, 50 మిల్లీగ్రాములకు మించదు. అంటే 0.05 శాతం. సీరమ్‌లలో ఉండేది 10, 15 శాతం. పైగా రసం నూనెలో కలవదు, అడుగున గుండ్లు గుండ్లుగా నిలుస్తుంది. ఆ పులుపు చర్మాన్ని మండిస్తుంది. నిమ్మజాతి కాయల్లో ఫ్యూరోకూమరిన్లనే పదార్థాలుంటాయి, వాటిమీద ఎండ పడితే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. మచ్చలు పోగొట్టుకుందామని రాసి కొత్తవి తెచ్చుకోవడమే అవుతుంది.

ప్రశ్న: ఒక సీరమ్ మీద 15 శాతం ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ అని, ఒక నూనె మీద 20 శాతం టెట్రాహెక్సిల్‌డెసైల్ ఆస్కార్బేట్ అని ఉంది. 20 పెద్దది కాబట్టి నూనే ఘాటైనదా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. టెట్రాహెక్సిల్‌డెసైల్ ఆస్కార్బేట్‌ను ఇకమీద టీహెచ్‌డీ అందాం. ఇందులో ఆస్కార్బిక్ యాసిడ్‌కు నాలుగు పొడవాటి కొవ్వు తోకలు తగిలించి ఉంటాయి. నూనెలో కరిగేది ఆ తోకల వల్లే. బరువులో ఎక్కువ భాగం కూడా ఆ తోకలదే. ఆస్కార్బిక్ యాసిడ్ అణుభారం 176, టీహెచ్‌డీది దాదాపు 1130. భాగిస్తే 15.6 శాతం. అంటే 10 గ్రాముల టీహెచ్‌డీలో అసలు సి ఒకటిన్నర గ్రాము చిల్లర. మీరు చూసిన 20 శాతం నూనెలో ఉన్నది లెక్కకు 3 శాతం సి. అదీ చర్మంలోని ఎంజైములు తోకలు కత్తిరించాకే పనికొస్తుంది.

మిగతా రూపాలకూ ఈ లెక్క వేసుకోవచ్చు. సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్‌లో దాదాపు 55 శాతం, ఆస్కార్బిల్ గ్లూకోసైడ్‌లో 52, ఇథైల్ ఆస్కార్బిక్ యాసిడ్‌లో 86, ఆస్కార్బిల్ పామిటేట్‌లో 42 శాతం సి ఉంటుంది. వీటిలో మొదటి మూడూ నీటి సీరమ్‌లకు చెందినవి. నూనెలో వేస్తే ఇసుకలా అడుగున కూర్చుంటాయి.

టీహెచ్‌డీ దండగని కాదు. ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ చర్మంలోకి దిగాలంటే ద్రావణం పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కన్నా తక్కువుండాలి. 2001లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ డాక్టర్ షెల్డన్ పిన్నెల్ బృందం పంది చర్మం మీద చేసిన పరీక్షల్లో తేలిన సంగతి ఇది. 20 శాతం దాటితే చర్మంలో చేరేది పెరగకపోగా తగ్గుతుందని కూడా వాళ్లే చూపించారు. ఆ పులుపు అందరూ తట్టుకోలేరు. సీసా తెరిచిన కొన్ని వారాలకే సీరమ్ రంగు మారుతుంది. చెడిన సీరమ్‌లో ఎరిథ్రులోజ్ అనే చక్కెర పుడుతుంది, ఆ తర్వాత వేళ్లకూ బుగ్గలకూ నారింజ మరక పడేది దానివల్లే. టీహెచ్‌డీ మండదు, ఇంత త్వరగా రంగు మారదు, పొడిచర్మానికి నూనె కూడా అందుతుంది. కాకపోతే దాని వెనకున్న పరీక్షలు ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్‌కు ఉన్నన్ని లేవు. మండనివారు సీరమ్‌తో, మండేవారు, పొడిచర్మంవారు నూనెతో వెళ్లడం మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: టీహెచ్‌డీ 10 గ్రాముల సీసా తెప్పించాను. ఏ నూనెలో, ఎంత కలపాలి? ఇంట్లో గానుగ కుసుమ నూనె ఉంది, విటమిన్ ఇ క్యాప్సూల్స్ ఉన్నాయి. చుక్కల లెక్కన చెబితే సులువుగా ఉంటుంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చుక్కల్లో చెప్పం, క్షమించండి. డ్రాపర్ మూతిని బట్టి, నూనె చిక్కదనాన్ని బట్టి చుక్క బరువు మారుతుంది. నగల తూకానికి వాడే 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. అది లేకుండా మొదలుపెట్టకండి.

ముందు నూనె సంగతి. కుసుమ నూనె వంటకు మంచిదే. అందులో ఎక్కువ భాగం లినోలిక్ ఆమ్లం, దానికి గాలి తగిలితే త్వరగా చెడుతుంది. చెడేటప్పుడు పుట్టే పెరాక్సైడ్లు టీహెచ్‌డీని కూడా పాడుచేస్తాయి. ఖరీదైన సరుకును త్వరగా చెడే నూనెలో పోయడం ఎందుకు? ఆధారంగా స్క్వాలేన్ అనే తేలికపాటి నూనె తీసుకోండి. కొనేటప్పుడు పేరు చివర చూసుకోవాలి: స్క్వాలేన్ వేరు, స్క్వాలీన్ వేరు. స్క్వాలీన్‌లో ఆరు ద్విబంధాలుంటాయి, ఇట్టే ఆక్సీకరణ చెందుతుంది, అంటే గాలి తగిలి చెడుతుంది. దానికి హైడ్రోజన్ కలిపి స్థిరపరిచిందే స్క్వాలేన్. దానికి తోడు ఎంసీటీ నూనె, అంటే కొబ్బరి నూనె నుంచి తీసి చలికీ గడ్డకట్టకుండా చేసిన క్యాప్రిలిక్/క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్, కొంచెం హొహొబా (జొజోబా గింజల నూనె) చాలు.

క్యాప్సూల్స్ పక్కన పెట్టండి. మందుల షాపుల్లో దొరికేవాటిలో సాధారణంగా ఉండేది టోకోఫెరిల్ అసిటేట్ అనే విటమిన్ ఇ రూపం. ఆక్సీకరణను అడ్డుకునే చోటునే అసిటేట్ మూసేసి ఉంటుంది కాబట్టి సీసాలో అది నూనెను కాపాడదు. చర్మంలోకి వెళ్లాక విడిపోతే అప్పుడు పనిచేస్తుంది. మీకు కావలసింది ‘మిక్స్‌డ్ టోకోఫెరాల్స్’ (అసిటేట్ తగిలించని విటమిన్ ఇ) అని రాసి ఉన్న ముదురు గోధుమరంగు జిగట ద్రవం. అదీ అర శాతం చాలు. మంచిదే కదా అని మోతాదు పెంచితే కాపాడాల్సిందే చెడగొట్టే పని మొదలుపెడుతుంది.

30 గ్రాములకు కొలతలు ఇవీ:

స్క్వాలేన్ 18.00 గ్రా. (60 శాతం)
ఎంసీటీ నూనె 6.00 గ్రా. (20 శాతం)
టీహెచ్‌డీ 3.00 గ్రా. (10 శాతం)
హొహొబా 2.85 గ్రా. (9.5 శాతం)
మిక్స్‌డ్ టోకోఫెరాల్స్ 0.15 గ్రా. (0.5 శాతం)

చర్మం సున్నితమైతే మొదటిసారి టీహెచ్‌డీ 1.50 గ్రాములే వేసి, తగ్గిన ఒకటిన్నర గ్రాము స్క్వాలేన్‌తో పూడ్చండి.

బీకరు, గాజుకడ్డీ, సీసా ముందురోజే కడిగి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తొలిచి బోర్లించండి. తెల్లవారాక ఎక్కడా తడి చుక్క ఉండకూడదు. ఈ నూనెలో నీరు లేదు కాబట్టే ప్రిజర్వేటివ్ వెయ్యడం లేదు. తడి చేరితే ఆ లెక్క తప్పుతుంది. బీకరు కాటా మీద పెట్టి సున్నా చేసి ముందు స్క్వాలేన్ పోయండి. మళ్లీ సున్నా చేసి టోకోఫెరాల్స్ నేరుగా దానిమీద పడేలా వెయ్యండి. ఇది తేనెలా సాగుతుంది, వేరే గిన్నెలో తూచి ఒంపితే సగం గిన్నెకే అంటుకుపోతుంది. 0.15 కాటాకి చాలా చిన్న తూకం. ఫ్యాను ఆపండి, లేకపోతే అంకె నిలవదు. తర్వాత ఎంసీటీ, హొహొబా, చివరగా టీహెచ్‌డీ. పొయ్యి వెలిగించే పనే లేదు. టీహెచ్‌డీని 40 డిగ్రీలు దాటనివ్వకూడదు. గాజుకడ్డీతో నిదానంగా మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. మొదట చక్కెర పాకంలో కనబడేలాంటి తీగలు కనిపిస్తాయి, అవి మాయమై ద్రవమంతా ఒకే తేటగా వచ్చాక ఆపండి. మిక్సీ, బ్లెండరు వద్దు, గాలిని కలిపేస్తాయి.

ఇక్కడ చాలామంది తడబడే ఒక చిన్న సంగతి ఉంది. ఈ 30 గ్రాములు 30 మిల్లీలీటర్ల సీసాలో పట్టవు. స్క్వాలేన్ నీటికన్నా తేలిక, మిల్లీలీటరు 0.81 గ్రామే తూగుతుంది. మొత్తం కలిపి 35 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. 30 మిల్లీలీటర్ల ముదురురంగు గాజుసీసాలో మెడదాకా నింపి, మిగిలింది చిన్నసీసాలో పోసి, తేదీ రాసి చీకటి అలమరలో ఉంచండి. దాన్ని వాడకండి. నెల తర్వాత రోజూ తెరిచే సీసాను దీని పక్కన తెల్లకాగితం మీద పెట్టి రంగు, వాసన పోల్చండి. లేతపసుపు టోకోఫెరాల్‌ది, దానికి భయపడక్కర్లేదు. పాత పల్లీల వాసనో, అప్పడాలు వేయించి వదిలేసిన నూనె వాసనో వస్తే పారబోయండి. వాసన బాగున్నా మూడు నెలలు దాటించకండి. విజయవాడ ఎండల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. హొహొబా వల్ల మబ్బు పట్టినట్టయితే పాడైందనుకోవద్దు, బయటికి తీసిన కాసేపటికి తేటపడుతుంది. బయటికి తీశాక సీసా చల్లదనం పోయేదాకా మూత తెరవకండి, గాలిలోని తేమ లోపల నీరై చేరుతుంది.

పీహెచ్ స్ట్రిప్ ముంచి చూశామని ఇద్దరు రాశారు. నీరు లేనిచోట పీహెచ్ అనే కొలతే లేదు. స్ట్రిప్ ఏ రంగు చూపించినా దానికి అర్థం లేదు.

మొహానికి ముందు మోచేతి మడత లోపలివైపు రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. టీహెచ్‌డీ పడక దద్దురు వచ్చినవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: ఆస్కార్బిల్ పామిటేట్ పొడి కూడా నూనెలో కరుగుతుందని చదివి, 5 శాతం కొబ్బరి నూనెలో వేసి వేడిచేశాను. తేటగా కరిగింది. మర్నాటికి అడుగున రవ్వలా పేరుకుంది. మళ్లీ వేడిచేస్తే కరిగి, మళ్లీ పేరింది. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పు మీది కాదు, ఆ మాటది. ఆస్కార్బిల్ పామిటేట్‌కు ఉన్నది ఒక్క తోకే. మిగిలిన సగం ఇంకా నీటివైపే లాగుతుంది. వేడినూనెలో కరిగినట్టు కనిపించినా, చల్లారాక నూనె పట్టి ఉంచగలిగేది బహు కొద్ది, శాతంలో చిన్న వంతు. మిగతాది స్ఫటికాలై కిందికి దిగుతుంది. మీరు వేడి చేసిన ప్రతిసారీ నూనే ఇంకొంచెం చెడుతుంది తప్ప లెక్క మారదు. ఆ పొడిని వంటనూనెలు, చిరుతిళ్లు చెడకుండా ఇ304 అనే సంఖ్యతో కలుపుతారు. మీరూ అలాగే 0.02 శాతం, అంటే నూరు గ్రాములకు 0.02 గ్రాము, టోకోఫెరాల్‌కు తోడుగా వాడుకోవచ్చు. అదే దానికి తగిన పని. చర్మానికి సి అందించే విషయంలో పిన్నెల్ బృందం పరీక్షల్లో ఇది ఫలితం చూపలేదు కూడా.

ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ పొడినే నూనెలో తిప్పి వాడొచ్చా అని మరికొందరు అడిగారు. కంపెనీలు ఆ పొడిని చాలా మెత్తగా నూరి, చిక్కని ఆధారంలో తేలేలా చేసి అమ్ముతాయి. ఇంటి మిక్సీలో అంత మెత్తన రాదు. ఒక బుగ్గకు ఉత్త నూనె, ఇంకో బుగ్గకు గరగరలాడే పొడి తగులుతాయి. చప్పరించే సి మాత్రలు నూరేవారికి ఒక్క మాట: వాటిలో చక్కెర, రంగు, వాసన కూడా ఉంటాయి.

ప్రశ్న: పొద్దున నియాసినమైడ్ (బి3 విటమిన్ రూపం) జెల్, దానిపైన సి నూనె, ఆపైన సన్‌స్క్రీన్ రాస్తాను. పది నిమిషాల్లో రబ్బరుతో తుడిచిన కాగితం మీది పొట్టులా రాలుతోంది. నియాసినమైడ్‌కీ సి విటమిన్‌కీ పడదంటారు, అందుకేనా?
– ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: కాదండి. ఆ పేచీ ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ గురించి పుట్టిన పాత మాట, అక్కడా అతిగా చెప్పిందే. టీహెచ్‌డీకి అసలు వర్తించదు. పొట్టు రావడానికి కారణం జెల్‌లోని కార్బొమర్, జాంథన్ గమ్ లాంటి చిక్కబరిచే పదార్థాలు. అవి ఆరి పల్చని పొరవుతాయి. పొర పూర్తిగా ఆరకముందే నూనె రుద్దితే చర్మం నుంచి లేచి చుట్టుకుంటుంది. దానిమీద సన్‌స్క్రీన్ కూడా రుద్దితే ఉండలు కడుతుంది.

అరచేతి వెనక ఒక పరీక్ష చెయ్యండి. శనగగింజంత సన్‌స్క్రీన్ పక్కన ఒక చుక్క నూనె వేసి వేలితో కలపండి. నునుపుగా కలిసిపోతే ఆ జత పనికొస్తుంది. విరిగిన పాలలా నీరు, ముద్ద విడిపోతే ఎంత ఓపికగా రాసినా మొహం మీద అంతే. ఇలాగే జెల్, నూనె కూడా కలిపి చూస్తే పేచీ ఏ రెంటి మధ్యో తెలుస్తుంది.

వరస మాత్రం మీది సరైనదే: నీళ్లవి ముందు, నూనె తర్వాత. తిరగేస్తే జెల్ నూనె మీద తామరాకు మీది నీటిలా జారుతుంది. జెల్ సగానికి తగ్గించండి, వేలికి జిగురు తగలనంతవరకు ఆగండి. నూనె రెండు మూడు చుక్కలు చాలు, అరచేతుల మధ్య పరిచి మొహానికి ఒత్తండి, రుద్దకండి. పది నిమిషాలాగి సన్‌స్క్రీన్‌ను చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత తీసుకుని తట్టినట్టు రాయండి.

ఇంతా చేసి, హైదరాబాద్ ఏప్రిల్‌లో పొద్దున్నే నూనె వద్దనే అంటాం. జిడ్డు అంతా చెమటతో కలిసి కళ్లలోకి దిగుతుంది. అంతకన్నా ముఖ్యం, నూనె ఎక్కువైతే సన్‌స్క్రీన్ పొర సమంగా నిలవదు, అక్కడక్కడ పల్చబడుతుంది. పల్చబడిన చోటే ఎండ తగులుతుంది. సి నూనెను రాత్రికి మార్చండి. సి విటమిన్ పొద్దునే రాయాలనే నియమం ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ ఎండను తట్టుకోవడంలో సాయపడుతుందన్న పరీక్షల నుంచి వచ్చింది. ఆ యాసిడ్ కూడా చర్మంలో చేరాక సగానికి తగ్గడానికి దాదాపు నాలుగు రోజులు పడుతుందని పిన్నెల్ బృందమే చూపింది. పూట మారినంతమాత్రాన కొంప మునగదు. రాత్రి రెటినాల్ (ఎ విటమిన్ రూపం) వాడేవారు దాన్ని పొడి మొహానికి ముందు రాసి, పైన నూనె ఒత్తుకోవచ్చు. రెండూ ఒకేసారి కొత్తగా మొదలుపెట్టకండి, దద్దురొస్తే దేనివల్లో తేలదు.

ప్రశ్న: రెండు నెలలుగా రాస్తున్నా మంగు తగ్గలేదు. శాతం పెంచాలా?
– గృహిణి, నెల్లూరు

జవాబు: పెంచొద్దు. మామూలు మొటిమ మరకలు పల్చబడడానికే రెండు మూడు నెలలు పడతాయి. మంగు అంతకన్నా మొండిది, సి నూనె ఒక్కటే చాలదు. మంగును ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా నల్లబరుస్తుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్లున్న రంగు సన్‌స్క్రీన్ అడిగి తీసుకోండి. చర్మవైద్యులకు చూపించుకోండి, షాపువాడు చేతిలో పెట్టిన స్టెరాయిడ్ కలిసిన క్రీము మాత్రం రాయకండి.

ప్రశ్న: నూనె మొదలెట్టాక నుదుటిమీద ఒకే సైజు చిన్న పొక్కులు, దురద.
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: నూనె ఆపండి. ఒకే సైజు, దురద ఉన్నాయంటే మామూలు మొటిమలు కాక మలసీజియా అనే ఈస్ట్ వల్ల వచ్చినవి కావచ్చు. అది నూనెల్లోని పొడవాటి కొవ్వు ఆమ్లాలను తిని పెరుగుతుంది. కొబ్బరి, ఆలివ్, కుసుమ అన్నీ దానికి మేతే. స్క్వాలేన్, ఎంసీటీ ఆ మేత కావు. తగ్గాక ఆ రెండింటితోనే చేసుకుని చూడొచ్చు. తలకు రాసిన నూనె నుదుటికి దిగుతోందేమో కూడా గమనించండి. రెండు వారాల్లో తగ్గకపోతే చర్మవైద్యులు చిన్న గీరుడు పరీక్షతో తేల్చేస్తారు.

ప్రశ్న: మీ కొలతలతో చేసి తెలిసినవాళ్లకి అమ్మొచ్చా?
– స్వయం సహాయక సంఘం సభ్యురాలు, అనంతపురం

జవాబు: మీరు వాడుకోవడానికైతే ఎవరూ అడగరు. డబ్బు తీసుకుని పది సీసాలు అమ్మినా, కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి. దరఖాస్తు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు పెట్టుకోవాలి. వంటింట్లో చేస్తామంటే ఇవ్వరు, తగిన స్థలం, పరికరాలు, అర్హత ఉన్న మనిషి ఉండాలి. సంఘం తరఫున అమ్మాలనుంటే ఇప్పటికే లైసెన్సున్న యూనిట్‌తో మాట్లాడి, మీ కొలతలతో వాళ్లచేత చేయించుకునే దారి ఉంది. లేబుల్ మీద పదార్థాలన్నీ, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు అచ్చువేయాలి.